సైనిక వైద్యం మీద హ్యాకథాన్‌కి వెళ్తున్నారా? ఐడియా నుంచి పేటెంట్ దాకా ఏం చేయాలంటే

ఏటా హ్యాకథాన్ సీజన్ రాగానే ఈసీఈ, మెకానికల్, బయోమెడికల్ టీముల నుంచి ఒకే ఐడియా వస్తుంది. జవాను చేతికి ఒక బ్యాండ్ కడతాం, అది గుండె వేగం, ఆక్సిజన్ శాతం కొలుస్తుంది, బ్లూటూత్‌లో ఫోన్‌కి, అక్కణ్ణుంచి క్లౌడ్‌కి పంపుతుంది, బేస్‌లో డాక్టర్ తెర మీద చూస్తారు. స్లయిడ్ మీద బాగానే ఉంటుంది. జ్యూరీలో ఆర్మీ డాక్టర్ ఒక్కరున్నా మొదటి ప్రశ్నకే ఆగిపోతుంది: "అక్కడ నెట్‌వర్క్ ఎవరిస్తారు?" రెండో ప్రశ్న: "సిగ్నల్ వదిలే వస్తువును సరిహద్దులో మా వాడి చేతికి ఎందుకు కట్టాలి?" మూడోది ఇంకా ఇబ్బంది పెడుతుంది: "గాయపడ్డాడని తెలిసింది. సరే, పక్కనున్నవాడు ఇప్పుడేం చేయాలి?"

ఈ మూడో ప్రశ్నకు జవాబున్న టీములే సాధారణంగా ముందుకెళ్తాయి. కాబట్టి మీ ప్రయాణం సెన్సర్ దగ్గర కాకుండా, మీ పరికరాన్ని పట్టుకునే మనిషి దగ్గర మొదలవ్వాలి. ఎవరి చేతిలో ఉంటుంది, ఏ చోట, ఎన్ని నిమిషాల్లో పని జరగాలి అన్నవి తేలితే మిగతా నిర్ణయాల్లో సగం వాటంతటవే జరిగిపోతాయి.

ముందు ఏ పోటీయో తేల్చుకోండి

విద్యార్థులకు అన్నిటికంటే దగ్గరి దారి స్మార్ట్ ఇండియా హ్యాకథాన్. 2017 నుంచి జరుగుతోంది. కేంద్ర విద్యాశాఖ ఇన్నోవేషన్ సెల్, సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ కలిసి నడుపుతున్నాయి. మంత్రిత్వ శాఖలు, ప్రభుత్వ సంస్థలు తమ సమస్యలను ఇస్తాయి. సొంత ఐడియాతో వచ్చేవారికి స్టూడెంట్ ఇన్నోవేషన్ అనే విభాగం కూడా ఉంటుంది. టీమ్‌లో ఆరుగురు, అందులో కనీసం ఒక అమ్మాయి, అందరూ ఒకే కాలేజీ వాళ్లు. కాలేజీలో జరిగే అంతర్గత పోటీలో నెగ్గితే కాలేజీ తరఫున పేరు వెళ్తుంది. ఫైనల్ సాఫ్ట్‌వేర్ అయితే ఏకబిగిన 36 గంటలు, హార్డ్‌వేర్ అయితే కొన్ని రోజులు. వైద్య పరికరం అంటే మీది దాదాపుగా హార్డ్‌వేర్ విభాగమే అవుతుంది.

రెండోది రక్షణ శాఖ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ వారి డేర్ టు డ్రీమ్. అబ్దుల్ కలాం స్మృత్యర్థం పెట్టిన పోటీ ఇది. వ్యక్తులకూ స్టార్టప్‌లకూ విడివిడిగా బహుమతులుంటాయి. వ్యక్తులకు 5 లక్షలు, స్టార్టప్‌లకు 10 లక్షల రూపాయల దాకా ఇచ్చారు. ఇక్కడ కాలేజీ పంపాల్సిన అవసరం లేదు, కానీ ఐడియా ఇంకా పక్వంగా ఉండాలి. మూడోది 2018లో రక్షణ శాఖ మొదలుపెట్టిన ఐడెక్స్. అది ప్రధానంగా కంపెనీ పెట్టినవాళ్లకు. థర్డ్ ఇయర్‌లో దాని గురించి టెన్షన్ అక్కర్లేదు, తర్వాత చూద్దాం.

నిబంధనలు ఏటా కొంత మారతాయి. సీనియర్ చెప్పిన మాట మీద కాకుండా ఆ ఏడాది పీడీఎఫ్ చదివి, గడువు తేదీ టీమ్ గ్రూపులో పైన పిన్ చేసి పెట్టుకోండి.

సమస్యను ఎంచుకోవడం

అసలు పని ఇక్కడుంది. తొందరపడకండి.

ముందు ఒక అధ్యయనం అంకెలు చూడండి. 2001 నుంచి 2011 దాకా ఇరాక్, అఫ్ఘానిస్తాన్ యుద్ధాల్లో చనిపోయిన 4,596 మంది అమెరికా సైనికుల వివరాలను వాళ్ల సైనిక వైద్యులు ఒక్కొక్కటిగా పరిశీలించారు. అందులో 87 శాతం మంది ఆసుపత్రి చేరకముందే పోయారు. ఆ పోయినవాళ్లలో దాదాపు నాలుగో వంతు మంది సరైన సాయం అందితే బతికే అవకాశం ఉన్నవాళ్లు. ఆ నాలుగో వంతులో 91 శాతం మందిని తీసుకెళ్లింది రక్తస్రావమే.

రక్తం ఎక్కడి నుంచి పోయిందో కూడా వాళ్లు లెక్క తీశారు. మూడింట రెండు వంతులు ఛాతీ, పొట్ట లోపల. 19 శాతం గజ్జ, చంక, మెడ లాంటి కీళ్ల మొదళ్ల దగ్గర. చేతులు, కాళ్ల నుంచి 13.5 శాతమే. టోర్నికే, అంటే చేతికో కాలికో బిగించి రక్తం ఆపే పట్టీ, ప్రతి సైనికుడి దగ్గరికీ చేరాక ఆ చివరి వాటా బాగా తగ్గింది. గజ్జలో, చంకలో తగిలితే పట్టీ చుట్టడానికి చోటే లేదు, అందుకే అది ఇంకా మొండి సమస్యగా మిగిలింది. కొత్త రకం టోర్నికే తీసుకొస్తున్న టీములు ఈ ఒక్క పేరా చదివి ఉంటే ఆ శ్రమను గజ్జ మీద పెట్టేవి.

అవి అమెరికా అంకెలు, ఎడారిలో, బాంబు పేలుళ్ల యుద్ధానివి. మన సైన్యానికి వేరే శత్రువులు కూడా ఉన్నారు. సియాచిన్‌లో 18 వేల అడుగుల పైన ఉన్న పోస్టుల్లో చలి మైనస్ 50 డిగ్రీల దాకా పోతుంది. అక్కడ తూటాల కంటే వాతావరణమే ఎక్కువ మందిని తీసుకెళ్లింది. అంత ఎత్తులో ఊపిరితిత్తుల్లోకి నీరు చేరే జబ్బును సైన్యంలో హేపో అంటారు. దీని మీద ప్రపంచం మొదట్లో చదివిన పెద్ద పరిశోధనల్లో ఒకటి మన ఆర్మీ డాక్టర్ ఇందర్ సింగ్ బృందం 1960లలో చేసినదే. రోగిని కిందికి దించడమే అసలు వైద్యం. హెలికాప్టర్ రాలేని వాతావరణంలో మనిషిని గాలి చొరని పెద్ద సంచిలో పడుకోబెట్టి పంపుతో ఒత్తిడి పెంచుతారు. సంచి కదలకుండానే లోపలున్న మనిషి సుమారు రెండు వేల మీటర్లు కిందికి దిగినట్టు అవుతుంది. ఇప్పుడు ఆ పంపు కొట్టేవాడి గురించి ఆలోచించండి. సముద్రమట్టంతో పోలిస్తే సగం ఆక్సిజన్ ఉన్న చోట అతను గంటల తరబడి పంపు కొడుతూనే ఉండాలి. లోపలున్నవాడికి తాజా గాలి కూడా ఆ పంపు నుంచే రావాలి. ఇది ఒక మంచి సమస్య, మెకానికల్ వాళ్లు తీసుకోవచ్చు.

అడవుల్లో పరిస్థితి ఇంకోలా ఉంటుంది. బస్తర్ లాంటి చోట మందుపాతర పేలితే అంబులెన్స్ వెళ్లే దారే ఉండదు. అందుకే ఢిల్లీలోని డీఆర్‌డీఓ ప్రయోగశాల ఇన్మాస్ మోటార్‌సైకిల్ మీద రక్షిత అనే అంబులెన్స్ తయారుచేసి 2021 జనవరిలో సీఆర్‌పీఎఫ్‌కు అప్పగించింది. బండి కొత్తదేమీ కాదు. దాని వెనక కూర్చున్న గాయపడ్డ మనిషి పడిపోకుండా ఉండే సీటు, అతని మెడ, చేతులు కదలకుండా పట్టే ఏర్పాటు, ముందున్నవాడికి కనిపించేలా వెనకవాడి నాడి, ఆక్సిజన్ చూపించే తెర, ఇవే ఇక్కడి ఇంజనీరింగ్.

ఇప్పుడు గాయపడ్డ జవాను వెళ్లే దారిని ఒక కాగితం మీద గీసుకోండి. మొదట అతనే, జేబులో ఉన్న ఫీల్డ్ డ్రెసింగ్‌తో. తర్వాత పక్కనున్న బడ్డీ. తర్వాత నర్సింగ్ అసిస్టెంట్. ఆపైన రెజిమెంటల్ మెడికల్ ఆఫీసర్ ఉండే ఎయిడ్ పోస్ట్, అడ్వాన్స్‌డ్ డ్రెసింగ్ స్టేషన్, ఫీల్డ్ హాస్పిటల్, చివరికి బేస్ లేదా కమాండ్ హాస్పిటల్. మీ పరికరం వీటిలో ఏ ఒక్క మెట్టు మీద ఉంటుందో గుర్తు పెట్టండి. "అన్ని చోట్లా వాడొచ్చు" అంటే జ్యూరీకి వినపడేది ఎక్కడా పనికిరాదని.

మీ మెట్టుకు పైనున్నవాణ్ణి కూడా మరవొద్దు. అమెరికాలో 2014లో అనుమతి పొందిన ఎక్స్‌స్టాట్ అనే పరికరం చూడండి. పెద్ద సిరంజి నుంచి చిన్న చిన్న స్పాంజి బిళ్లల్ని లోతైన గాయంలోకి కొడతారు, అవి ఉబ్బి లోపలి నుంచి రక్తాన్ని నొక్కిపెడతాయి. ఇక్కడిదాకా ఎవరికైనా తట్టొచ్చు. గొప్పతనమేమిటంటే ప్రతి బిళ్లలోనూ ఎక్స్‌రేలో కనపడే గుర్తు పెట్టారు. రెండు మెట్ల తర్వాత ఉండే సర్జన్ ఒక్క బిళ్ల కూడా లోపల వదలకుండా తీయాలి కదా.

ఇదంతా అయ్యాక సమస్యను ఒక్క వాక్యంలో రాయండి. ఉదాహరణకు: "మైనస్ 20 డిగ్రీల చలిలో ఎయిడ్ పోస్ట్ దగ్గర నర్సింగ్ అసిస్టెంట్, కరెంటు లేకుండా, చేతి తొడుగులు తీయకుండా, రోగికి ఎక్కించే ద్రవాన్ని వెచ్చగా ఉంచగలగాలి." ఈ వాక్యంలో పరికరం పేరు లేదు, చూశారా. అలాగే ఉండాలి.

తెలిసినవాళ్లను అడగండి

మన ఊళ్లలో మాజీ సైనికులకు కొదవ లేదు. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని జనం మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. ఇంటికొకరు సైన్యంలో పనిచేసిన ఊరది. మీ కాలేజీ సెక్యూరిటీ ఆఫీసర్, ఎన్‌సీసీ ఆఫీసర్, బ్యాంకు గేటు దగ్గర తుపాకీతో నిలబడే ఆయన, వీళ్లలో చాలామంది ఫౌజీలే. అందరికంటే విలువైనవారు ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్‌గా చేసి రిటైరైనవాళ్లు. ఎవరో ఒకరి చిన్నాన్నో మేనమామో తప్పకుండా ఉంటారు, ఇంట్లో అడిగి చూడండి.

వెళ్లి "మా ఐడియా ఎలా ఉంది సర్?" అని అడగొద్దు. మర్యాద కోసం బాగుందనే అంటారు. పని గురించి అడగండి. మీ మెడికల్ సంచిలో ఏ వస్తువు ఎక్కడ పెట్టేవారు? చీకట్లో చేత్తో తడిమి ఎలా గుర్తుపట్టేవారు? సెలైన్ గడ్డకట్టకుండా ఏం చేసేవారు? (చాలామంది ఒకటే చెబుతారు, జాకెట్ లోపల ఒంటికి ఆనించి పెట్టుకునేవాళ్లమని.) ఇచ్చిన సామాన్లలో అసలు వాడనిది ఏది? ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబు ఏ పుస్తకంలోనూ దొరకదు.

ఏ యూనిట్, ఏ పోస్ట్, ఎప్పుడు, ఎంతమంది లాంటివి మాత్రం అడగొద్దు. ఆయన చెప్పబోయినా మీరే వద్దనండి. రికార్డింగ్ కూడా వద్దు. మీకు కావలసింది చేతులు చేసే పని మాత్రమే. పేర్లు, ఫొటోలు స్లయిడ్‌లో పెట్టడం అసలే కుదరదు.

లెక్క వేయండి, బొమ్మ తర్వాత

క్యాడ్ సాఫ్ట్‌వేర్ తెరవకముందు ఒక పేజీ లెక్క చేయండి. పైన రాసుకున్న సమస్యతోనే చూద్దాం.

గాయపడ్డ మనిషి ఒళ్లు చల్లబడితే రక్తం గడ్డకట్టే గుణం తగ్గుతుంది. గడ్డకట్టకపోతే ఇంకా పోతుంది, ఇంకా చల్లబడతాడు. అలాంటివాడికి చల్లని ద్రవం ఎక్కిస్తే ఆ చక్రాన్ని మనమే తిప్పినట్టు. కాబట్టి 4 డిగ్రీలున్న 500 మిల్లీలీటర్లను 37 డిగ్రీలకు తేవాలనుకుందాం. అర కిలో నీటికి 33 డిగ్రీలు పెంచాలంటే సుమారు 69 కిలోజౌళ్లు, అంటే 19 వాట్ అవర్లు కావాలి. మార్కెట్లో దొరికే 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్‌లో కాగితం మీద 37 వాట్ అవర్లుంటాయి. చాలా టీములు ఇక్కడే ఆగి, "ఒక పవర్ బ్యాంక్‌తో రెండు సంచులు" అని స్లయిడ్‌లో రాసేస్తాయి.

ఇంకో అడుగు వేయండి. ప్రాణాపాయంలో ఉన్నవాడికి నిమిషానికి 100 మిల్లీలీటర్లు ఎక్కించాల్సి వస్తే? నిమిషంలో 100 గ్రాములను 33 డిగ్రీలు పెంచడానికి దాదాపు 230 వాట్లు కావాలి. ఆ పవర్ బ్యాంక్ ఇచ్చేది ఇరవై వాట్ల చిల్లర. దాంతో సంచి మొత్తం వేడెక్కాలంటే, ఒక్క జౌలు కూడా వృథా పోకపోయినా, దాదాపు గంట పడుతుంది. పైగా చలిలో లిథియం బ్యాటరీ ఇచ్చే శక్తి బాగా పడిపోతుంది, సున్నా కంటే కింద ఛార్జ్ చేస్తే సెల్ పాడైపోతుంది. అంటే శక్తి సరిపోతోంది, కానీ అది వచ్చే వేగం సరిపోవట్లేదు.

ఈ ఒక్క లెక్కతో మీ డిజైన్ తలకిందులైపోతుంది. ఎక్కించేటప్పుడు వేడి చేయడం కాదు, ముందునుంచీ వెచ్చగా ఉంచి, ట్యూబులో వెళ్లేటప్పుడు చల్లారకుండా చూడటం మీ పని అవుతుంది. మంచి ఇన్సులేషన్ ఉన్న తొడుగు, ట్యూబుకు కూడా తొడుగు, వేడి నిలబెట్టడానికి చిన్న హీటర్. దీనికి పది వాట్లు చాలొచ్చు.

రసాయన వేడి ఎందుకు వాడకూడదు అని జ్యూరీ అడుగుతుంది, జవాబు సిద్ధంగా పెట్టుకోండి. చేతులు వెచ్చబెట్టుకునే ఇనుప పొడి ప్యాకెట్లకు గాలిలో ఆక్సిజన్ కావాలి, ఎత్తు మీద అదే తక్కువ. సోడియం ఎసిటేట్ ప్యాకెట్‌కు గాలితో పని లేదు, చిటికెలో గట్టిపడి 58 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. అయితే మైనస్ 20లో పడున్న ప్యాకెట్ ఆ వేడిలో పెద్ద భాగాన్ని తనను తాను వెచ్చబరచుకోడానికే ఖర్చుపెట్టేస్తుంది. ఇంకో చిక్కు, రక్తస్రావం అవుతున్నవాడికి ఇప్పుడు వైద్యులు సెలైన్ కంటే రక్తాన్నే ఇష్టపడుతున్నారు. మీ పరికరంలో రక్తం సంచి పెడతారనే అనుకోండి. రక్తం 42 డిగ్రీలు దాటితే కణాలు చిట్లడం మొదలవుతుంది. అంటే ఆ పైకి పోకుండా ఆపే ఏర్పాటు, అది చెడిపోతే పట్టుకునే రెండో ఏర్పాటు, రెండూ ఉండాల్సిందే.

ఇదే సమస్యకు ఇన్మాస్ పూర్తిగా వేరే జవాబిచ్చింది. వాళ్లు గ్లిజరిన్ కలిపి మైనస్ 18 డిగ్రీల దాకా గడ్డకట్టని సెలైన్ తయారుచేశారు. హీటర్ లేదు, బ్యాటరీ లేదు. మీ స్లయిడ్లలో దీని ప్రస్తావన లేకపోతే, దీనికంటే మీది ఎక్కడ మెరుగో చెప్పలేకపోతే, డీఆర్‌డీఓ నుంచి వచ్చిన జ్యూరీ సభ్యుడికి మీరు హోంవర్క్ చేయలేదని తెలిసిపోతుంది. (గడ్డకట్టకపోవడం వేరు, వెచ్చగా ఉండటం వేరు. మీ జవాబుకు దారి అక్కడుంది.)

లెక్క అయ్యాక అవసరాలన్నీ అంకెల్లో రాయండి. "తేలికైనది" అనొద్దు, ఎన్ని గ్రాములో చెప్పండి. "వాడటం సులువు" అనొద్దు, తొడుగులు వేసుకున్న కొత్త మనిషి ఎన్ని సెకన్లలో అమర్చగలడో రాయండి.

తయారీ, పరీక్షలు

సామాను గురించి ఎక్కువ చెప్పను, మీ ల్యాబ్‌లో ఉన్నదే వాడతారు. ఒకటి రెండు జాగ్రత్తలు చాలు. మామూలు ఎలక్ట్రానిక్ భాగాలు 0 నుంచి 70 డిగ్రీల మధ్య పనిచేయడానికి చేసినవి. ఇండస్ట్రియల్ గ్రేడ్ అని అడిగితే మైనస్ 40 నుంచి 85 దాకా తట్టుకునేవి దొరుకుతాయి. ధర కొంచెం ఎక్కువే, కొనండి. ఉష్ణోగ్రతకు డీఎస్18బీ20 సెన్సర్ మైనస్ 55 దాకా చదువుతుంది, చవక కూడా. వేలికి పెట్టే ఆక్సీమీటర్ మీద ఆధారపడే డిజైన్ అయితే మళ్లీ ఆలోచించండి. చలికి వేళ్లలో రక్తప్రసరణ తగ్గిపోయి అది సరిగ్గా చదవదు. హైదరాబాద్‌లో ఉంటే నమూనాలు తయారుచేసుకునే కేంద్రం టీ-వర్క్స్‌లో యంత్రాలు వాడుకునే వీలుంది.

పరీక్షలకు పెద్ద ల్యాబ్ కోసం ఎదురుచూడొద్దు. చలి పరీక్షకు డీప్ ఫ్రీజర్ చాలు, మైనస్ 18 దగ్గర ఉంటుంది. మీ వీధిలో ఐస్‌క్రీం డీలర్‌ను అడిగితే రాత్రికి ఒక మూల ఇస్తాడు. పరికరాన్ని, ద్రవం సంచిని రాత్రంతా అందులో ఉంచి, పొద్దున తీసిన నిమిషంలోనే వాడి చూడండి. ఇంకా చలి కావాలని డ్రై ఐస్ తెస్తే తలుపులు మూసిన గదిలో మాత్రం వాడొద్దు, గాలిలో ఆక్సిజన్‌ను తోసేస్తుంది.

కింద పడే పరీక్షకు అమెరికా సైనిక ప్రమాణం ఎంఐఎల్-ఎస్‌టీడీ-810లో చేత్తో మోసే వస్తువును 122 సెంటీమీటర్ల ఎత్తు నుంచి, అన్ని ముఖాలూ అంచులూ మూలలూ తగిలేలా 26 సార్లు పడేస్తారు. మన సైన్యం ఎలక్ట్రానిక్ పరికరాలకు జేఎస్ఎస్ 55555 అనే ప్రమాణం ఉంది. పూర్తిగా పాటించడం మీ వల్ల కాదు, ఎవరూ ఆశించరు కూడా. కానీ ఆ రెండు పేర్లూ తెలిసి, 26 సార్లు పడేసిన వీడియో మీ ఫోన్‌లో ఉంటే జ్యూరీ ముందు మీ మాటకు బరువొస్తుంది.

చేతుల పరీక్ష అన్నిటికంటే ముఖ్యం. మీ పరికరాన్ని ఎప్పుడూ చూడని జూనియర్‌ను పిలవండి. గ్రౌండ్ చుట్టూ పరిగెత్తించి, వెల్డింగ్ చేసేవాళ్ల మందపాటి తొడుగులు ఇచ్చి, గదిలో లైట్లు ఆర్పి, ఎర్ర కాగితం చుట్టిన టార్చ్ ఒకటి చేతికిచ్చి అమర్చమనండి. మీరు నోరు మెదపొద్దు. టచ్‌స్క్రీన్ పెట్టిన టీముకు అప్పటికప్పుడే బుద్ధొస్తుంది. ఎర్ర అక్షరాలతో "ఇక్కడ నొక్కండి" అని రాసినవాళ్లకు ఇంకో ఆశ్చర్యం, ఎర్ర వెలుతురులో ఎర్ర సిరా కనపడదు. ఆన్ చేయగానే బీప్ అనే శబ్దం, నీలం ఎల్‌ఈడీ వెలుగు కూడా రాత్రి ప్రమాదమే, తీసేయండి. రాతలకంటే బొమ్మలు మేలు. రాత తప్పదనుకుంటే హిందీలో పెట్టండి, అన్ని రాష్ట్రాల జవాన్లకూ అందేది అదే.

మనుషుల మీద మాత్రం ప్రయోగాలు వద్దు. రూమ్మేట్ ఒప్పుకున్నా సరే, అతని తొడ మీద టోర్నికే బిగించి రక్తం ఆగిందో లేదో చూడటం, సూది పెట్టడం కుదరదు. మనిషి మీద పరీక్షకు సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి, హ్యాకథాన్ స్థాయికి అది అవసరం లేదు కూడా. ఫోమ్, జెలటిన్‌తో తొడ నమూనా చేసి, అందులో రబ్బరు గొట్టం పెట్టి, అక్వేరియం పంపుతో నీళ్లు పంపండి. నీళ్లలో 40 శాతం దాకా గ్లిజరిన్ కలిపితే దాదాపు రక్తమంత చిక్కదనం వస్తుంది. దాంతో జ్యూరీ ముందే చేసి చూపించొచ్చు, చూపించాలి కూడా.

స్లయిడ్లు, జ్యూరీ

స్లయిడ్లకు వాళ్లిచ్చిన నమూనానే వాడండి, అలంకారాలు తగ్గించండి. మొదటి స్లయిడ్‌లో ఆ ఒక్క వాక్యం. రెండోదాంట్లో మెట్ల బొమ్మ, మీ మెట్టు గుర్తుతో. లెక్క ఒక దాంట్లో, పరీక్షల అంకెలు ఒక దాంట్లో, ఫెయిలైనవి కూడా. బ్లాక్ డయాగ్రమ్ ఒకటి సరిపోతుంది.

జ్యూరీ అడిగేవి తిప్పితిప్పి ఇవే. నర్సింగ్ అసిస్టెంట్ సంచి ఇప్పటికే నిండుగా ఉంది, మీది పెట్టాలంటే అతను ఏం తీసేయాలి? బ్యాటరీ అయిపోతే ఏమవుతుంది, పరికరం చచ్చిపోతుందా లేక తొడుగుగా అయినా పనికొస్తుందా? గోదాములో అయిదేళ్లు పడున్నాక తీస్తే పనిచేస్తుందా? ఎంతసేపట్లో నేర్పొచ్చు? ఖరీదెంత?

ఖరీదు విషయంలో మన దగ్గరే మంచి ఉదాహరణ ఉంది. హైదరాబాద్‌లోని డీఆర్‌డీఓ క్షిపణి ప్రయోగశాల డీఆర్‌డీఎల్, బీబీనగర్ ఎయిమ్స్ కలిసి చేసిన కార్బన్ ఫైబర్ కృత్రిమ పాదాన్ని 2025 జులైలో విడుదల చేశారు. 125 కిలోల భారం దాకా పరీక్షించారు. దిగుమతి చేసుకునేది రెండు లక్షల రూపాయలు ఉండగా ఇది 20 వేల లోపే అవుతుందని అంచనా వేశారు. జ్యూరీకి చెప్పాల్సిన పద్ధతి అది, ఇప్పుడున్నది ఇంత, మాది ఇంత, తేడా ఎందుకొచ్చిందంటే ఫలానా అని. అదే డీఆర్‌డీఎల్ క్షిపణుల కోసం చేసిన తేలికపాటి పదార్థం కలాం హయాంలో నిమ్స్ ఎముకల డాక్టర్ కంటపడి, పిల్లలు కాళ్లకు ఆసరాగా కట్టుకుని మోసే మూడు కిలోల పైబడ్డ కాలిపర్లు 300 గ్రాములకు దిగాయి. ఆ కథ జ్యూరీలో చాలామందికి తెలుసు, కాబట్టి ప్రెజెంటేషన్‌లో మళ్లీ చెప్పి సమయం వృథా చేయొద్దు.

తెలియని ప్రశ్న వస్తే తెలియదనండి, ఎలా కనుక్కుంటారో చెప్పండి. హార్డ్‌వేర్ ఫైనల్‌లో మెంటర్లు, జ్యూరీ మధ్యమధ్యలో వచ్చి చూస్తారు. మొదటిసారి వాళ్లు చెప్పిన మార్పు రెండోసారికి చేసి చూపించడం మార్కులకు చాలా పెద్ద దారి. ఒక్కరికి ఆ పనే అప్పగించండి: ఎవరు ఏమన్నారో నోట్‌బుక్‌లో రాయడం. టీమ్ లీడర్ మాట్లాడుతూ ఉంటాడు, అతనికి గుర్తుండదు.

పేటెంట్, ఆ తర్వాత

ఇది నిజానికి ఫైనల్‌కు ముందే చేయాల్సిన పని. బయట చూపించేశాక పేటెంట్‌కు వెళ్తే కొత్తదనం పోయిందంటారు. ప్రొవిజనల్ అప్లికేషన్, అంటే తాత్కాలిక దరఖాస్తు, ముందు వేయండి, పూర్తి వివరాలు 12 నెలల్లో ఇవ్వొచ్చు. విద్యాసంస్థలకు 2021 నుంచి ఫీజులో 80 శాతం తగ్గింపు ఉంది కాబట్టి కాలేజీ పేరు మీద వేస్తే ఖర్చు తక్కువ. కాకపోతే హక్కులు ఎవరివో ముందే కాగితం మీద రాయించుకోండి. ఆరుగురు స్నేహితుల మధ్య కూడా ఎవరి వాటా ఎంతో రాసుకోండి, మొహమాటపడొద్దు. రక్షణకు సంబంధించిన ఆవిష్కరణ అనిపిస్తే పేటెంట్ ఆఫీసు దాన్ని గోప్యంగా ఉంచమనే అధికారం చట్టంలో ఉంది. విదేశంలో దరఖాస్తు వేయాలంటే మన పేటెంట్ ఆఫీసు నిబంధనలు చూసుకున్నాకే వేయాలి.

బహుమతి వచ్చినా రాకపోయినా పరికరం మీద నమ్మకం మిగిలితే దారులున్నాయి. సైనిక వైద్య సేవల విభాగం 2024లో ఐఐటీ హైదరాబాద్‌తో పరిశోధన ఒప్పందం చేసుకుంది, కొత్త వైద్య పరికరాలు అందులో భాగమే. విశాఖలోని మెడ్‌టెక్ జోన్‌లో వైద్య పరికరాలను పరీక్షించే ల్యాబులు ఒకే ప్రాంగణంలో ఉన్నాయి. కంపెనీ రిజిస్టర్ చేసుకున్నాక ఐడెక్స్ సవాళ్లకు దరఖాస్తు పెట్టొచ్చు.

అమ్మాలంటే మాత్రం 2017 మెడికల్ డివైజెస్ రూల్స్ కిందికి వస్తారు. ప్రమాదాన్ని బట్టి పరికరాలను ఏ, బీ, సీ, డీ అని నాలుగు తరగతులు చేశారు. ఏ, బీ తరగతులకు తయారీ లైసెన్సు రాష్ట్ర అధికారులు ఇస్తారు, సీ, డీ అయితే ఢిల్లీలోని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీఓ ఇస్తుంది. మీది ఏ తరగతో ఇప్పుడే చూసి పెట్టుకోండి. జ్యూరీలో ఎవరో ఒకరు అదీ అడుగుతారు.